ఇంట్లో ఫ్రూట్ స్కోన్లు చక్కగా పొంగేలా చేయడం ఎలా

మొదటిసారి స్కోన్లు చేసినప్పుడు నేను పిండిని పది నిమిషాలు గట్టిగా పిసికాను. పిండి అన్నాక ఎంత పిసికితే అంత మెత్తన అనుకున్నాను. ఓవెన్‌లోంచి తీసి చూస్తే అవి పెట్టినప్పుడు ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. చల్లారాక కొరకడం కష్టమైంది. వేయాల్సినవన్నీ వేశాను, కొలతలూ సరిగ్గానే ఉన్నాయి. తేడా అంతా చేతుల దగ్గరే వచ్చింది. ఆ తర్వాత చాలాసార్లు చేసి తెలుసుకున్నదేమిటంటే, స్కోన్ పిండిని ఎంత తక్కువ ముట్టుకుంటే అంత బాగా వస్తుంది. వెన్న చల్లగా ఉండాలి, చెయ్యి తేలిగ్గా ఉండాలి, పని చకచకా అయిపోవాలి. కింద రాసినవన్నీ ఈ మూడింటి కోసమే.

స్కోన్ కేకూ కాదు, బ్రెడ్డూ కాదు. ఈస్ట్ అక్కర్లేదు, పిండి పులిసేదాకా ఎదురుచూడక్కర్లేదు. పైన కాస్త గట్టిగా, లోపల మెత్తగా, గుల్లగా ఉండాలి. చేత్తో పట్టుకుని లాగితే నడుము దగ్గర రెండుగా విడిపోవాలి. దీని పుట్టిల్లు స్కాట్లాండ్. అక్కడి 1513 నాటి రచనలోనే ఈ మాట కనిపిస్తుంది. అప్పట్లో పెనం మీద పెద్ద గుండ్రటి రొట్టెలా కాల్చి, ముక్కోణాలుగా కోసుకునేవారు. ఇప్పుడు మనకు తెలిసిన ఎత్తైన స్కోన్ మాత్రం బేకింగ్ పౌడర్ చలవే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఆయన భార్యకి ఈస్ట్ పడేది కాదు. ఆమె తినగలిగే రొట్టె కోసం మొదలైన పని అది. రెండేళ్ళకి, 1845లో, బ్రిస్టల్‌కి చెందిన హెన్రీ జోన్స్ బేకింగ్ పౌడర్ లాంటి మిశ్రమం ముందే కలిపి ఉంచిన సెల్ఫ్ రైజింగ్ పిండికి పేటెంట్ తీసుకున్నాడు. ఈస్ట్ గంటల తరబడి చేసే పనిని బేకింగ్ పౌడర్ నిమిషాల్లో చేసేస్తుంది. కాకపోతే తడి తగలగానే మొదలుపెట్టేస్తుంది కాబట్టి మనం కూడా దాని వేగాన్ని అందుకోవాలి.

కావలసినవి

ఈ కొలతలతో, పిండిని గుండ్రంగా కోసే ఆరు సెంటీమీటర్ల కటర్‌తో ఏడెనిమిది స్కోన్లు వస్తాయి.

మైదా 250 గ్రాములు
బేకింగ్ పౌడర్ 3 టీస్పూన్లు, తలకొట్టి
ఉప్పు పావు టీస్పూన్
పంచదార 40 గ్రాములు, సన్నటిది
ఉప్పు లేని వెన్న 60 గ్రాములు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినది
కిస్‌మిస్ 75 గ్రాములు
చల్లటి పాలు 100 మిల్లీలీటర్లు
గుడ్డు ఒకటి
పైన పూయడానికి ఇంకో గుడ్డు, లేదా కొంచెం పాలు

గుడ్డు తినని వాళ్ళు రెండో దారిలో వెళ్ళవచ్చు, రుచిలో లోటేమీ ఉండదు. గుడ్డు, పాలకు బదులు 150 మిల్లీలీటర్ల చిక్కటి మజ్జిగ తీసుకోండి. మజ్జిగ లేకపోతే అన్ని పాలల్లోనే ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం పిండి పది నిమిషాలు పక్కన పెడితే పాలు కాస్త విరిగి చిక్కబడతాయి. మజ్జిగలో పులుపు ఉంటుంది కాబట్టి పిండిలో పావు టీస్పూన్ వంట సోడా వేసి, బేకింగ్ పౌడర్‌ని రెండున్నర టీస్పూన్లకు తగ్గించండి. పులుపు, సోడా కలిసి గ్యాస్ పుడుతుంది. సోడా మాత్రం అంతకన్నా ఎక్కువ వేయకండి, సబ్బు రుచి వస్తుంది. నిజానికి నాకు గుడ్డు వేసిన వాటికన్నా మజ్జిగ స్కోన్లే ఎక్కువ ఇష్టం. లోపల ఇంకా మెత్తగా ఉంటాయి.

సెల్ఫ్ రైజింగ్ పిండి దొరికితే అదే 250 గ్రాములు తీసుకుని బేకింగ్ పౌడర్ ఒక్క టీస్పూన్ వేస్తే చాలు.

వీలైతే కప్పులతో కాకుండా వేయింగ్ స్కేల్‌తో తూచండి. ఒకే కప్పులో పిండిని అదిమి నింపితే ఒక బరువు, వదులుగా నింపితే ఇంకో బరువు వస్తుంది. స్కోన్ పిండికి ముప్ఫై గ్రాముల తేడా కూడా తెలిసిపోతుంది. పిండి ఎక్కువైతే స్కోన్ పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది.

మొదలుపెట్టే ముందు

బేకింగ్ పౌడర్ పనిచేస్తోందో లేదో చూసుకోండి. వేడినీళ్ళలో అర టీస్పూన్ వేస్తే వెంటనే బుసబుసమని నురుగు రావాలి. మందకొడిగా రెండు బుడగలు వచ్చి ఆగిపోతే ఆ డబ్బా పక్కన పెట్టేయండి. మూత సరిగా పెట్టకపోతే గాలిలో తేమ తగిలి దాని శక్తి లోలోపలే అయిపోతుంది. అలాంటి డబ్బాతో నేను ఒకసారి మొత్తం ట్రే పాడుచేసుకున్నాను. అప్పటినుంచి డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాస్తున్నాను.

కిస్‌మిస్‌ని వేడినీళ్ళలోనో, పాలు కలపని వేడి టీలోనో పది నిమిషాలు నానబెట్టండి. ఎండిన పండు అలాగే వేస్తే ఓవెన్ వేడిలో చుట్టూ ఉన్న పిండిలోని తడిని పీల్చుకుంటుంది. పిండి ఎండిపోతుంది, పండూ గట్టిగానే ఉంటుంది. నానబెడితే ఉబ్బి, కొరికినప్పుడు రసం తగులుతుంది. నానిన తర్వాత వడగట్టి, పొడిబట్టలో వేసి బాగా అద్దండి. ఈ అద్దడం మానేస్తే ఆ నీళ్ళన్నీ పిండిలోకి వెళ్ళి, మీరు వేసిన పాల లెక్క తప్పుతుంది.

వెన్నని సెంటీమీటరు ముక్కలుగా కోసి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి. వంటగది వేడిగా ఉంటే మైదా ఉన్న గిన్నెని కూడా పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పాలు, గుడ్డు కలిపి గిలక్కొట్టి, అదీ చల్లగానే ఉంచుకోండి.

ఓవెన్‌ని 220 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టి, కనీసం ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 200 చాలు. ఈ వేడి చాలా ముఖ్యం. స్కోన్ లోపలికి వెళ్ళగానే వెన్నలోని నీరు, పాలలోని నీరు ఆవిరి కావాలి, బేకింగ్ పౌడర్ గ్యాస్ వదలాలి, పిండి గట్టిపడేలోపే ఇవి రెండూ దాన్ని పైకి లేపాలి. ఓవెన్ సగమే వేడెక్కి ఉంటే వెన్న కరిగి ట్రే మీదికి కారిపోతుంది, స్కోన్ లేవాల్సిన సమయంలో పక్కలకి పరుచుకుంటుంది. చాలా ఓవెన్లలో సిద్ధమని దీపం ఆరిపోయినా లోపలి గోడలు ఇంకా పూర్తిగా వేడెక్కి ఉండవు. దీపం ఆరాక కూడా మరో ఐదు నిమిషాలు ఆగండి. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు. నాది కొన్నాక తెలిసింది, నా ఓవెన్ చూపించేదానికన్నా ఇరవై డిగ్రీలు తక్కువలో నడుస్తోందని.

వెన్న రుద్దడం

మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. బేకింగ్ పౌడర్ ఒకచోట ఉండలా మిగిలిపోతే కాలిన స్కోన్ మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి, ఆ చుక్క తగిలిన చోట చేదు. జల్లించడానికి పట్టేది ఒక నిమిషం.

ఇప్పుడు వెన్న ముక్కలు వేయండి. ముందు వాటిని పిండిలో దొర్లించి ఒకదానికొకటి అంటుకోకుండా చూడండి. తర్వాత కొంచెం పిండి, ఒక వెన్న ముక్క వేళ్ళ కొసలతో తీసుకుని, బొటనవేలుతో చూపుడువేలు మీద జారుస్తూ నలిపి, గిన్నెకు జానెడు ఎత్తు నుంచి జారవిడవండి. అరచేతులు వాడకండి. వెన్న కరిగే వేడి మన శరీరపు వేడికి దగ్గరగానే ఉంటుంది. అరచేతిలో అది తొందరగా మెత్తబడుతుంది, వేళ్ళ కొసలు కాస్త చల్లగా ఉంటాయి. పై నుంచి జారవిడిస్తే పిండికి గాలి తగులుతుంది, చల్లగానూ ఉంటుంది.

ఈ పని చేసేటప్పుడు ఒకసారి గిన్నెలోకి బాగా వంగి చూడండి. మొదట్లో తెల్లటి పొడి పిండి ఒకవైపు, పసుపు ముక్కలు ఒకవైపు విడివిడిగా ఉంటాయి. రెండు నిమిషాలకి పిండి రంగు మారడం మొదలవుతుంది, పాలిపోయిన లేత పసుపులోకి వస్తుంది. వేళ్ళ మధ్య జారేటప్పుడు పొడిగా సరసరమనే పిండి ఇప్పుడు తడి ఇసుకలా తగులుతుంది. గిన్నెని అటూ ఇటూ కుదిపితే పెద్ద వెన్న ముక్కలు పైకి తేలతాయి. వాటిని మాత్రం మళ్ళీ నలపండి. ఎక్కువ భాగం రవ్వలా, అక్కడక్కడా కందిగింజంత పలుకులు మిగిలి ఉన్నప్పుడు ఆగిపోండి. ఆ పలుకులు ఉండాలి. ఓవెన్‌లో అవి కరిగిన చోట ఖాళీ ఏర్పడి, వాటి నీరు ఆవిరై ఆ ఖాళీని ఉబ్బిస్తుంది. గుల్లదనం అక్కడినుంచే వస్తుంది.

పిండి రేణువులకి వెన్న పట్టడం వల్ల ఇంకో మేలు ఉంది. మైదాకి నీళ్ళు తగిలి చెయ్యి ఆడితే గ్లూటెన్ అనే సాగే గుణం పుడుతుంది. బ్రెడ్‌కి అది కావాలి, స్కోన్‌కి వద్దు. వెన్న పూత నీటిని కొంత అడ్డుకుంటుంది కాబట్టి ఆ సాగుడు తగ్గుతుంది. నా మొదటి ప్రయత్నంలో పది నిమిషాలు పిసికి నేను పెంచింది సరిగ్గా ఆ సాగుడునే.

వేళ్ళతో కుదరదు, చేతులు ఎప్పుడూ వేడిగా ఉంటాయి అనేవాళ్ళకి ఇంకో దారి ఉంది. వెన్నని గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, కొబ్బరి కోరు సైజులో తురిమి, పిండిలో ఫోర్క్‌తో కలిపేయండి. నలపాల్సింది చాలా తక్కువ మిగులుతుంది. ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో నేనూ ఇలాగే చేస్తాను.

ఇప్పుడు పంచదార, అద్దిన కిస్‌మిస్ వేసి వేళ్ళతో ఒకసారి కలపండి. పండ్లు ఎప్పుడూ పాలు పోయకముందే వేయాలి. తడి పిండిలో తర్వాత వేస్తే అవి సమంగా కలిసేదాకా కలపాల్సి వస్తుంది.

పాలు పోసి కలపడం

పొడి పిండి మధ్యలో గుంట చేసి, పాలు, గుడ్డు మిశ్రమాన్ని ఒకేసారి పోసేయండి, రెండు స్పూన్లు మాత్రం దాచుకోండి. కొంచెం కొంచెంగా పోస్తూ పోతే కలపడం ఎక్కువవుతుంది. చేతులు పెట్టకండి. భోజనాల బల్ల మీద వాడే మొద్దు కత్తి ఒకటి తీసుకుని, పిండిని కోస్తున్నట్టుగా, అడుగునుంచి తిరగేస్తున్నట్టుగా కలపండి. పది పన్నెండు సార్లు తిప్పేసరికి పిండి ముద్దలు ముద్దలుగా చేరుతుంది. గిన్నె అడుగున ఇంకా పొడి ఉంటే దాచిన స్పూన్ పాలు అక్కడే వేయండి.

ఈ దశలో ముద్ద చూడ్డానికి బాగుండదు. గరుకుగా, ముక్కలు ముక్కలుగా, చేతికి కాస్త అంటుకునేలా ఉంటుంది. అలాగే ఉండాలి. దీన్ని నున్నగా చేయాలనిపిస్తుంది, చేయకండి. అంటుకుంటోందని పొడి పిండి ఇంకా వేయాలనిపిస్తుంది, అదీ వద్దు. మెత్తటి ముద్దే ఓవెన్‌లో ఎత్తుకు లేస్తుంది, గట్టి ముద్ద లేవలేదు. నిజంగానే జావలా పారుతుంటే మాత్రం ఒక స్పూన్ మైదా చల్లండి.

మడత, కోత

గట్టు మీద పలచగా మైదా చల్లి ముద్దని దాని మీదికి దించండి. పైన కూడా కాస్త చల్లండి. రెండు చేతులతో మెల్లగా తట్టి దీర్ఘచతురస్రంలా చేసి, సగానికి మడవండి. పావు వంతు తిప్పి, మళ్ళీ తట్టి, మళ్ళీ మడవండి. ఇంకోసారి అంతే. మూడు మడతల తర్వాత ముద్ద దానంతట అదే ఒక రూపానికి వస్తుంది. పిసక్కుండానే పొరలు ఏర్పడ్డాయి. కాలిన స్కోన్‌ని చేత్తో లాగినప్పుడు అది సరిగ్గా నడుము దగ్గర విడిపోయేది ఈ మడతల వల్లే.

తర్వాత ముద్దని రెండున్నర సెంటీమీటర్ల మందం వచ్చేదాకా తట్టండి. అప్పడాల కర్ర వద్దు. దాంతో ఒత్తిడి ఎక్కువ పడుతుంది, అంచులు పలచనవుతాయి. పక్కన స్కేల్ నిలబెట్టి కొలవండి. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు గానీ, కంటి అంచనా మీద చేస్తే అందరం పలచగానే తడతాం, నేనూ అంతే. ఒకటిన్నర సెంటీమీటర్ల ముద్ద ఎంత పొంగినా బిస్కెట్ లాగే ఉంటుంది.

కటర్‌ని ప్రతిసారీ పొడి మైదాలో ముంచి, నిటారుగా కిందికి నొక్కి, నిటారుగా పైకి లేపండి. తిప్పకండి. తిప్పితే కోసిన అంచు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి సీలు వేసినట్టవుతుంది. స్కోన్ ఆ వైపు లేవలేక పక్కకి ఒరుగుతుంది. ఇదే కారణంతో గాజు గ్లాసు అంచు కూడా మంచిది కాదు. అది మందం, కోయదు, నొక్కుతుంది. కటర్ లేకపోతే పదునైన కత్తితో చతురస్రాలుగానో, ముక్కోణాలుగానో కోయండి. ముక్కోణం పాత స్కాట్లాండ్ పద్ధతే, పైగా మిగులు పిండి అంటూ ఉండదు.

గుండ్రంగా కోసేటప్పుడు ఒకదాని పక్కన ఒకటి ఆనుకునేలా కోయండి. మిగిలిన ముక్కలని పిసికి ఉండ చేయకుండా, పక్కపక్కన పేర్చి తట్టి మళ్ళీ కోయండి. రెండో విడతవి మొదటివాటి అంత ఎత్తు రావు, ఆకారమూ కొంచెం వంకరగా ఉంటుంది. వంట చేసేవాళ్ళు నిలబడి వేడివేడిగా తినడానికి అవి భేషుగ్గా ఉంటాయి.

బేకింగ్ పేపర్ వేసిన ట్రే మీద స్కోన్లని తిరగేసి పెట్టండి. గట్టుకి ఆనిన వైపు చదునుగా ఉంటుంది కాబట్టి అది పైకి వస్తే తల సమంగా లేస్తుంది. మధ్యలో రెండు సెంటీమీటర్ల ఖాళీ చాలు. దగ్గరగా ఉంటే ఒకదానికొకటి ఆసరాగా పైకి లేస్తాయి, పక్కలు మెత్తగా ఉంటాయి. దూరంగా పెడితే పక్కలు కూడా గట్టిగా కాలతాయి. ఎవరి ఇష్టం వాళ్ళది.

పైకి కనిపిస్తున్న కిస్‌మిస్‌లని వేలితో లోపలికి నొక్కేయండి. బయట ఉన్నవి మాడి చేదెక్కుతాయి.

ఇక గుడ్డు పూత. బ్రష్‌తో తల మీద మాత్రమే పూయండి. చుక్క కూడా పక్కలకి కారకూడదు. కారిన గుడ్డు ఓవెన్ వేడికి జిగురులా గట్టిపడి, స్కోన్‌ని ట్రేకి కట్టేసినట్టు పట్టి ఉంచుతుంది. ఆ ఒక్క చోట స్కోన్ లేవదు. పూత వేశాక తొందర లేకపోతే ట్రేని పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ ఒక పూత వేయండి. వెన్న మళ్ళీ గట్టిపడుతుంది, రంగు కూడా నిగనిగలాడుతూ వస్తుంది.

కాల్చడం

ట్రేని ఓవెన్ మధ్యకన్నా ఒక మెట్టు పైన పెట్టండి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. మొదటి పది నిమిషాలు తలుపు తెరవద్దు, వేడి పోతే మధ్యలో కుంగిపోతాయి. అద్దంలోంచి చూడండి. నాలుగైదు నిమిషాలకి పక్కలు చీలి, మడతల గీతలు బయటపడి, ఒక్కసారిగా పైకి లేవడం కనిపిస్తుంది. నేను ఇన్నిసార్లు చేసినా ఆ ఐదు నిమిషాలూ ఓవెన్ ముందు నుంచి కదలను.

తలలు మంచి బంగారు రంగుకి వచ్చాక ఒకదాన్ని తిరగేసి చూడండి. అడుగు లేత గోధుమరంగులో ఉండి, వేలితో తడితే బోలుగా చప్పుడు రావాలి. పక్కన మధ్య భాగం నొక్కితే మళ్ళీ పైకి రావాలి. అడుగు తెల్లగానే ఉంటే ఇంకో రెండు నిమిషాలు. తల ముందే ముదురు రంగుకి వచ్చేస్తుంటే ట్రేని ఒక మెట్టు కిందికి దించండి.

తీసిన వెంటనే జాలీ స్టాండ్ మీదికి మార్చండి. ట్రే మీదే వదిలేస్తే అడుగున ఆవిరి పట్టి తడిసిపోతుంది. తల మెత్తగా ఉండాలనుకునేవాళ్ళు శుభ్రమైన పలచటి బట్ట కప్పవచ్చు. గట్టిగా కావాలంటే అలాగే వదిలేయండి.

తినడం

పది నిమిషాలు ఆగండి. ఓవెన్‌లోంచి తీసిన క్షణంలో లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది, అప్పుడే తెరిస్తే పిండిపిండిగా అనిపిస్తుంది. గోరువెచ్చగా అయ్యాక కత్తి పక్కన పెట్టి, రెండు బొటనవేళ్ళూ నడుము దగ్గర పెట్టి మెల్లగా తిప్పండి. చిన్న చప్పుడుతో విడిపోతుంది, సన్నటి ఆవిరితో పాటు వెన్న వాసన ముఖానికి తగులుతుంది. విడిపోయిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది. కత్తితో కోసిన నున్నటి ముఖం కన్నా ఇది జామ్‌ని, వెన్నని బాగా పట్టుకుంటుంది.

బ్రిటన్‌లో దీన్ని టీతో, జామ్‌తో, క్లాటెడ్ క్రీమ్ అనే చిక్కటి మీగడతో తింటారు. దానికే క్రీమ్ టీ అని పేరు. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతం వాళ్ళు ముందు మీగడ రాసి దాని మీద జామ్ వేస్తారు, పక్కనే ఉన్న కార్న్‌వాల్ వాళ్ళు ముందు జామ్, తర్వాత మీగడ. ఈ విషయంలో రెండు చోట్లా పట్టుదల గట్టిదే. పేరు పలకడంలో కూడా రెండు వర్గాలు, కొందరు స్కాన్ అంటారు, కొందరు స్కోన్ అంటారు. స్కాట్లాండ్‌లో ఎక్కువగా వినిపించేది మొదటిది. నా మట్టుకు స్కోన్ వెచ్చగా ఉంటే కార్న్‌వాల్ పద్ధతే మేలు, వేడికి మీగడ కరగకుండా మధ్యలో జామ్ ఉంటుంది. అయితే ఫ్రూట్ స్కోన్‌లో ఎలాగూ పండు తీపి ఉంది కాబట్టి వట్టి వెన్న ముక్క ఒక్కటి చాలంటాను.

పండ్లు మార్చాలంటే

కిస్‌మిస్ బదులు ఎండు క్రాన్‌బెర్రీ, సన్నగా తరిగిన ఎండు ఆప్రికాట్, ఖర్జూరం ఏదైనా వేయవచ్చు. ఒక నారింజ తొక్క తురుము జత చేస్తే క్రాన్‌బెర్రీ రుచి పెరుగుతుంది. పాకంలో ఊరిన చెర్రీలు వాడితే కడిగి, తుడిచి వేయండి, లేకపోతే పిండంతా ఎర్రగా జిగటగా అవుతుంది. మొత్తం మీద 250 గ్రాముల పిండికి వంద గ్రాముల పండ్లు దాటకండి. బరువు ఎక్కువైతే స్కోన్ లేవలేదు, కటర్ కూడా సాఫీగా దిగదు.

తాజా పండ్లతో పని వేరు. బ్లూబెర్రీ లాంటివి నొక్కితే చిట్లి రసం వదులుతాయి. వాటిని ముందు ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, అలాగే రాళ్ళలా ఉన్నప్పుడే పిండిలో వేసి, పాలు రెండు స్పూన్లు తగ్గించండి. మడతలు కూడా రెండింటితో ఆపేయండి. ఆపిల్ వేయాలనుకుంటే చిన్న ముక్కలుగా కోసి, కొంచెం వెన్నలో వేయించి, నీరు ఇగిరాక పూర్తిగా చల్లార్చి వేయాలి.

ఎక్కడ తప్పు జరిగిందో ఎలా పట్టుకోవాలి

స్కోన్లు అసలు లేవలేదంటే బేకింగ్ పౌడర్ పాతదైనా అయ్యుండాలి, పిండి పలచగా తట్టయినా ఉండాలి. ఎక్కువ ఇళ్ళలో రెండోదే కారణం. ఒకవైపు ఒరిగితే కటర్ తిప్పారేమో, గుడ్డు పూత కారిందేమో గుర్తుచేసుకోండి. లేచాయి గానీ నమిలితే రబ్బరులా సాగుతున్నాయంటే పిసకడం ఎక్కువైంది. పొడిగా రాలిపోతుంటే పాలు తక్కువ, లేదా ఓవెన్‌లో ఎక్కువసేపు ఉన్నాయి. వచ్చేసారి ఒక స్పూన్ పాలు పెంచి చూడండి, లేదా రెండు నిమిషాలు ముందే తీసి చూడండి, రెండూ ఒకేసారి మార్చకుండా ఒకదాని తర్వాత ఒకటి మారిస్తే అసలు కారణం తెలుస్తుంది. పక్కలకి పరుచుకుని, అడుగున వెన్న కారి ఉంటే వెన్న మెత్తబడిపోయింది, లేదా ఓవెన్ వేడి చాలలేదు. ట్రేని కాల్చే ముందు ఫ్రిజ్‌లో పెట్టడమే దానికి మందు. పైన మాడి లోపల పచ్చిగా ఉంటే వేడి ఎక్కువ. ఇరవై డిగ్రీలు తగ్గించి, మూడు నిమిషాలు పెంచండి.

నిల్వ

స్కోన్ చేసిన రోజే తినాలి. మర్నాటికి గట్టిపడుతుంది. మిగిలితే పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టి, మర్నాడు 160 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు వెచ్చచేయండి, చాలావరకు మళ్ళీ ప్రాణం వస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే మొదట మెత్తగా ఉండి, రెండు నిమిషాలకే తోలులా అవుతుంది.

నేను ఎక్కువగా చేసేది ఇంకో పద్ధతి. రెట్టింపు పిండి కలిపి, సగం స్కోన్లు పచ్చిగానే ట్రే మీద ఫ్రీజర్‌లో పెడతాను. రాయిలా గట్టిపడ్డాక సంచిలో వేసి, గాలి తీసి మూసేస్తాను. నెల రోజుల దాకా బాగుంటాయి. ఎవరైనా వస్తున్నారని ఫోన్ రాగానే ఓవెన్ వెలిగించి, కావలసినన్ని తీసి, కరగనివ్వకుండానే పూత వేసి, 200 డిగ్రీల దగ్గర పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు కాలుస్తాను. వెన్న గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఒక్కోసారి అప్పటికప్పుడు చేసిన వాటికన్నా ఇవే ఎత్తుగా లేస్తాయి.